అర్ధరాత్రి సర్జన్‌కు జీతం ఎవరిస్తారు?

1992 జులై 8 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషన్‌లో వ్యవసాయ కూలీల సంఘం సభ్యుడొకరు రైల్లోంచి జారిపడ్డారు. తలకు గట్టి దెబ్బ. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తమవల్ల కాదని పెద్దాసుపత్రికి పొమ్మంది. కలకత్తా ఎన్నారెస్ మెడికల్ కాలేజీలో ఎక్స్‌రే తీశారు. వెంటనే చేర్చుకోవాల్సిన కేసే అన్నారు, మంచం మాత్రం లేదన్నారు. అక్కడినుంచి మరో పెద్దాసుపత్రి, ఆపైన ఇంకొకటి. అన్నీ సర్కారువే. ఒకచోట మంచం లేదు, ఒకచోట వసతి లేదు. మర్నాడు ఆయన్ని చేర్చుకున్నది చివరికి ఓ ప్రైవేటు ఆస్పత్రి. ప్రాణం దక్కింది. ఖర్చు 17 వేల రూపాయలైంది. ఆ రోజుల్లో కూలి పనివాడికి అది ఏడాది కష్టానికి మించిన మొత్తం.

ఆయన తరఫున సంఘం సుప్రీంకోర్టుకెక్కింది. 1996లో తీర్పు వచ్చింది. సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని, నిధుల్లేవన్న సాకు ప్రభుత్వానికి పనికిరాదని చెబుతూ కోర్టు 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది.

అంతకు ఏడేళ్ల ముందు, 1989లో ఇదే కోర్టు తీర్పిచ్చిన పరమానంద్ కటారా కేసు మరో రకం. స్కూటర్ మీద పోతున్న మనిషిని కారు గుద్దింది. దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్తే, ఇది పోలీసు కేసు, ఇక్కడ చూడం, 20 కిలోమీటర్ల అవతల ఉన్న ఫలానా ఆస్పత్రికి పొమ్మన్నారు. దారిలోనే ఊపిరి ఆగిపోయింది. పేపర్లో వచ్చిన ఆ వార్త చూసి ఒకరు పిటిషన్ వేస్తే, ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసులూ కాగితాలూ తర్వాత అని న్యాయమూర్తులు తేల్చి చెప్పారు.

ప్రైవేటువాళ్లు డబ్బు మనుషులు, ధర్మాసుపత్రి మాత్రం పేదవాడి పెన్నిధి అని మనం చెప్పుకునే కథ ఈ రెండు కేసుల దగ్గరే చెదిరిపోతుంది. అలాగని ఆస్పత్రి ఎవరిదైతే ఏంటిలే అని వదిలేయడానికీ లేదు. రోడ్డు మీద పడ్డవాడు బతుకుతాడా, బతికితే ఎంత అప్పుతో బతుకుతాడు అన్నదాంట్లో ఆస్పత్రి యజమాని పాత్ర చాలా ఉంది. అది ఎక్కడ ఎలా పనిచేస్తుందో పట్టుకోవాలంటే ముందు ట్రామా వైద్యం, అంటే ప్రమాద గాయాల వైద్యం, జమాఖర్చులు చూడాలి.

మోకీలు మార్పిడికి వచ్చే రోగి తేదీ అడిగి వస్తాడు. ప్యాకేజీ మాట్లాడుకుంటాడు, ఇన్సూరెన్స్ అనుమతి తెచ్చుకుంటాడు, ముందురోజు రాత్రి నుంచి పరగడుపున ఉంటాడు. రోడ్డు ప్రమాదం అలా చెప్పి రాదు. అది వచ్చే వేళకు జనరల్ సర్జన్, ఎముకల డాక్టరు, న్యూరో సర్జన్, మత్తు డాక్టరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. సీటీ స్కాన్ నడిపే టెక్నీషియన్ ఉండాలి. బ్లడ్ బ్యాంకులో ఓ నెగెటివ్ రక్తం నిల్వ ఉండాలి. ఒక వెంటిలేటరూ ఒక ఆపరేషన్ థియేటరూ ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టాలి. ఆ రాత్రి ఎవరూ రాకపోయినా వీళ్లందరికీ జీతాలు పడాలి. ఎవరైనా వస్తే, ఆ వచ్చినవాడు ఎవరో, జేబులో ఏముందో తెలియదు. ఇది ఫైరింజన్ వ్యవహారం. కొన్నాం కదా అని రోజూ ఊళ్లో మంటలు అంటుకోవాలని ఎవరూ కోరుకోరు.

యజమానిని బట్టి మారేది ఈ కాచుకుని కూర్చునే ఖర్చు సంగతే. లాభం చూసుకునే యజమాని, ఆ ఖర్చు తిరిగి రాబట్టుకోగల పేటలోనే ట్రామా విభాగం పెడతాడు. లాభాపేక్ష లేదని చెప్పుకునే ట్రస్టు కొన్నాళ్లు మోసి, నష్టం పెరిగాక మెల్లగా ఆ విభాగం మూసేస్తుంది. సర్కారు మూయదు. బోర్డు వేలాడుతూనే ఉంటుంది, పోస్టులు మాత్రం భర్తీ కావు. ముగ్గురూ మూడు రకాలుగా తలుపులు వేస్తారు. వేసిన ప్రతిసారీ బయట నిలబడిపోయేది దాదాపు ఒకే రకం మనుషులు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 8 వేల పైచిలుకు, తెలంగాణలో 7,500 పైచిలుకు. దేశం మొత్తం మృతుల్లో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. అంటే కారు కొనలేనివాళ్లు, పొలానికో పనికో బండి మీద బయల్దేరినవాళ్లు.

తెలుగువాళ్లు బాగా ఎరిగిన రెండు ప్రమాదాలున్నాయి. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున మాజీ ఎంపీ నందమూరి హరికృష్ణ కారు నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర బోల్తాపడింది. ఆయన్ని నార్కట్‌పల్లిలోని కామినేని ఆస్పత్రికి తరలించారు, అక్కడే కన్నుమూశారు. 2021 సెప్టెంబరు 10న నటుడు సాయిధరమ్ తేజ్ బైకు హైదరాబాద్ దుర్గం చెరువు తీగల వంతెన దాటాక జారిపడింది. దారిన పోయే ఒకరు 108కి ఫోన్ చేశారు. మొదట మాదాపూర్‌లోని మెడికవర్‌కు, ఆ రాత్రే జూబ్లీహిల్స్ అపోలోకు తీసుకెళ్లారు. ఆయన కోలుకుని మళ్లీ సినిమాలు చేస్తున్నారు. ఇద్దరి గాయాలూ ఒకటి కావు కాబట్టి ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటం న్యాయం కాదు. పక్కపక్కన పెట్టాల్సింది మ్యాపులను. అన్నెపర్తికి జిల్లా కేంద్రం నల్లగొండ దూరమేమీ కాదు. అయినా మాజీ ఎంపీని తీసుకెళ్లింది హైవే మీదున్న ప్రైవేటు మెడికల్ కాలేజీకి. దుర్గం చెరువు చుట్టూ అయితే, ఎటు తిరిగినా కొద్ది నిమిషాల్లోనే ఏదో ఒక పెద్ద ఆస్పత్రి ఎమర్జెన్సీ గేటు కనిపిస్తుంది. రెండుచోట్లా సర్కారు ఆస్పత్రి ఊసే రాలేదు. అదే ఏజెన్సీ ఘాట్ రోడ్డు మలుపులో బండి పడి తలలో రక్తం గడ్డకట్టిన గిరిజన యువకుడికైతే చాలాసార్లు విశాఖ కేజీహెచ్ దాకా ప్రయాణం తప్పదు.

ప్రమాదాలు ఎక్కడ జరుగుతాయో లెక్కకట్టి ఈ మ్యాపును ఎవరూ గీయలేదు. మోకీలు మార్పిడి చేయించుకోగల కుటుంబాలు, ఇన్సూరెన్స్ ఉన్న ఉద్యోగులు ఎక్కడున్నారో అక్కడికి ఆస్పత్రులు వచ్చాయి, వాటి వెంట ఎమర్జెన్సీ గేట్లూ వచ్చాయి. వ్యాపారం చేసేవాళ్లను దీనికి తప్పుపట్టి లాభం లేదు. ఆ గీత గీయాల్సినవాళ్లు ఊరుకున్నారు కాబట్టి మార్కెట్ గీసేసింది.

జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఏ రాత్రయినా ఒక గంట నిలబడితే మిగతా కథ తెలుస్తుంది. 108 ఆగుతుంది. డ్రైవరు, ఎమర్జెన్సీ టెక్నీషియన్ కలిసి స్ట్రెచర్ దించుతారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు రెప్ప ఎత్తి టార్చి వేస్తాడు, సెలైన్ ఎక్కించమంటాడు, కుట్లు పడాల్సినచోట కుట్లు వేస్తాడు. మెడికో లీగల్ కేసుల (ఎమ్మెల్సీ) రిజిస్టర్ తెరుచుకుంటుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, తీసుకొచ్చినవాళ్లెవరు, గుర్తుపట్టడానికి రెండు పుట్టుమచ్చలు. రక్తం, మట్టి కలిసి ఎండిపోయిన ఒంటి మీద నర్సు పుట్టుమచ్చ కోసం వెతుకుతుంటే వెంట వచ్చిన బావమరిది మాటిమాటికీ ఒకటే అడుగుతుంటాడు: ‘మాట్లాడతాడా సార్, మాట్లాడతాడా?’ కాసేపటికి ఓ చీటీ చేతికొస్తుంది. న్యూరో సర్జన్ అందుబాటులో లేరు, పై ఆస్పత్రికి రెఫర్ చేయడమైనది.

చీటీతో బయటికొచ్చేసరికి ప్రైవేటు అంబులెన్సులు వరసకట్టి ఉంటాయి. ఫలానా దాంట్లో ఐసీయూ బెడ్ ఖాళీ ఉంది, నేను మాట్లాడతానని డ్రైవరే చెబుతాడు. ఆ మాట వెనక కమీషన్ ఉంటుందన్న అనుమానం లేని జిల్లా రెండు రాష్ట్రాల్లోనూ కనపడదు. అక్కడికి చేరాక కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న: ‘కార్డా, క్యాషా?’ ఆరోగ్యశ్రీ కార్డంటే ఆరోగ్యమిత్రను కలవాలి, ఆధార్ తేవాలి. అది ఇంట్లో బీరువాలో ఉంటుంది. స్పృహలో లేనివాడి వెంట ఎవరూ లేకపోతే అతను ‘గుర్తు తెలియని వ్యక్తి’. ఆ పేరుతో కేస్ షీటు నెలల తరబడి నడిచేది దాదాపు ఎప్పుడూ సర్కారు వార్డులోనే. పాపం ఆ కుర్ర డాక్టరునో, కౌంటర్‌లోని అమ్మాయినో తిట్టుకోవడం తేలికే గానీ, వాళ్లిద్దరూ తమ యజమానులు రాసిపెట్టిన పద్ధతినే అమలు చేస్తున్నారు.

ఈ పరుగు ఖరీదు కూడా లెక్కలకెక్కింది. జాతీయ శాంపిల్ సర్వే 2017–18 ప్రకారం ఒకసారి ఆస్పత్రిలో చేరితే ప్రభుత్వాసుపత్రిలో సగటు వైద్య ఖర్చు 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. అది అన్ని జబ్బులకూ కలిపి వేసిన సగటు. తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద పది రోజులున్న కుటుంబం ఆ సంఖ్య చూసి నవ్వుకుంటుంది. ప్రపంచ బ్యాంకు, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ కలిసి 2021లో ఇచ్చిన నివేదికలో, రోడ్డు ప్రమాదం తర్వాత తమ ఆదాయం పడిపోయిందని చెప్పిన పేద కుటుంబాలు 75 శాతానికి పైనే.

నిజానికి ఈ విషయంలో దేశానికి పాఠం చెప్పగల అనుభవం తెలుగు నేల మీదే ఉంది. ఒకటి కాదు, రెండు. వాటిలో ఒకటి ఎందుకు నిలిచిందో, రెండోది ఎందుకు కుంటుతోందో పోల్చి చూస్తే విషయం చేతికొస్తుంది.

మొదటిది 108. సత్యం రామలింగరాజు కుటుంబం చొరవతో 2005లో హైదరాబాద్‌లో మొదలైంది. ప్రభుత్వం డబ్బిస్తుంది, ప్రైవేటు సంస్థ నడుపుతుంది, ఎక్కినవాడి దగ్గర పైసా తీసుకోరు. 2009లో సత్యం కుప్పకూలింది. నిర్వహణ జీవీకే చేతికి వెళ్లింది. రాష్ట్రం రెండయ్యాక ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రాక్టు మరో సంస్థకు మారింది. ప్రభుత్వాలు మారాయి, బండి రంగులు మారాయి. నిర్వాహకుడు జైలుకెళ్లినా అంబులెన్సు ఆగలేదు! ఆలస్యాలు, జీతాల గొడవలు లేవని కాదు. కానీ నడుస్తోంది, ఎందుకంటే అక్కడ చెల్లింపు ఎంతమంది రోగులను మోశారన్న లెక్క మీద ఆధారపడలేదు. బండి డీజిల్ పోసుకుని, మనుషులతో, మందులతో సిద్ధంగా నిలబడి ఉన్నందుకు నెలవారీ ఖర్చు ఇస్తారు. కాచుకుని కూర్చునే పనికి జీతం ఉంది.

రెండోది ఆరోగ్యశ్రీ. 2007లో మొదలైన ఆ పథకం లక్షల కుటుంబాలకు కార్పొరేట్ ఆస్పత్రి గడప తొక్కే ధైర్యమిచ్చింది. ప్రమాద గాయాలూ అందులో ఉన్నాయి. అయితే అది డబ్బిచ్చేది జరిగిన ఆపరేషన్‌కు, ప్యాకేజీ రేటు ప్రకారం. తొడ ఎముకకు రాడ్ వేస్తే ఇంత, తల తెరిస్తే ఇంత. రాత్రంతా మెలకువగా ఉన్న మత్తు డాక్టరుకు, అట్టిపెట్టిన థియేటరుకు ప్యాకేజీ లేదు. కాబట్టి ఆపరేషన్లు ఎక్కువ జరిగే నగరాల్లోని ఆస్పత్రులకు ఆ డబ్బు వెళ్లింది, అవి ఇంకా పెరిగాయి. చిన్న పట్టణంలో ట్రామా విభాగం తెరవడానికి కావలసిన కారణం ఆ పథకం ఇవ్వలేదు. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పోస్టర్లలో బాగుంటుంది. బకాయిలు రాక నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులివ్వడం మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఏటా జరిగే తంతులా మారింది. బకాయి పెట్టేది సచివాలయం, ఆ వారంలో కాలు విరిగినవాడు ఏం పాపం చేశాడు?

అమెరికాలో ఈ గొడవ మనకంటే ముందు ముదిరింది. షికాగోలో కుక్ కౌంటీ ఆస్పత్రి అంటే సర్కారు వారిది, ఎవరినీ కాదనలేనిది. 1980ల్లో అక్కడి డాక్టర్లు విసిగిపోయి ఒక పని చేశారు. ఇతర ఆస్పత్రుల ఎమర్జెన్సీల నుంచి తమకు తోసేసిన రోగుల వివరాలు రాసిపెట్టారు. 1986లో అచ్చయిన ఆ అధ్యయనంలో 467 మంది ఉన్నారు. 87 శాతం మందిని పంపిన కారణం బీమా లేకపోవడం. 89 శాతం మంది నల్లజాతివాళ్లో, హిస్పానిక్‌లో. దాదాపు నాలుగో వంతు మంది పరిస్థితి నిలకడగా లేకుండానే అంబులెన్సు ఎక్కించారు. రాతపూర్వకంగా ఒప్పుకొన్నవారు వందకు ఆరుగురే. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. ఎమర్జెన్సీకి వచ్చినవాడు ఎవరైనా సరే పరీక్షించాలి, నిలకడ పరచాలి, ఆ తర్వాతే డబ్బు మాట. మెడికేర్ అనే సర్కారు బీమా కింద కేంద్రం డబ్బు తీసుకునే ప్రతి ఆస్పత్రికీ ఈ చట్టం వర్తిస్తుంది. మెడికేర్ వద్దనుకోగల ఆస్పత్రి ఆ దేశంలో అరుదు. యజమాని ఎవరని అడగకుండా, మా డబ్బు తీసుకుంటున్నావా అని అడిగిన చట్టం అది. తెలివైన పని.

కానీ సగం పనే. నిలకడ పరచమంది, దానికయ్యే ఖర్చు ఎవరిదో చెప్పలేదు. యజమానులు దానికీ దారి కనిపెట్టారు. రోగిని తిప్పి పంపకూడదన్నారు గానీ, విభాగాన్నే మూసేయకూడదనలేదు కదా. 1988లో షికాగో విశ్వవిద్యాలయం తన పెద్దల ట్రామా కేంద్రాన్ని నష్టాల పేరుతో ఎత్తేసింది. కొన్నేళ్లకే పక్కనున్న మైకేల్ రీస్ ఆస్పత్రీ అదే దారి పట్టింది. నల్లజాతి జనాభా ఎక్కువగా ఉండే, తుపాకీ కాల్పులు ఎక్కువగా జరిగే సౌత్ సైడ్‌లో పెద్దల ట్రామా కేంద్రం ఒక్కటీ మిగల్లేదు. 2010 ఆగస్టులో విశ్వవిద్యాలయ ఆస్పత్రికి నాలుగు వీధుల దూరంలో 18 ఏళ్ల కుర్రాడికి తూటా తగిలింది. ఆ ఆస్పత్రిలో పిల్లల ట్రామా విభాగం నడుస్తూనే ఉంది, అతని వయసు దానికి దాటిపోయింది. అంబులెన్సు తొమ్మిది మైళ్ల అవతల నగరం నడిబొడ్డున ఉన్న ఆస్పత్రికి వెళ్లింది. అతను బతకలేదు. ఆ కుర్రాడు పేటలో యువజన సంఘం నడిపేవాడు. అతని స్నేహితులు ఏళ్ల తరబడి ఆస్పత్రి ముందు ధర్నాలు చేశారు, అరెస్టయ్యారు. 2015లో విశ్వవిద్యాలయం దిగొచ్చింది. 2018 మే 1న ట్రామా కేంద్రం తెరుచుకుంది, ముప్ఫై ఏళ్ల తర్వాత. ఈ మధ్యలో ఆ విశ్వవిద్యాలయం లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపులు పొందుతూనే ఉంది.

షికాగో ఒక్కటే కాదు. 1990 నుంచి 2005 మధ్య అమెరికాలో 339 ట్రామా కేంద్రాలు మూతపడ్డాయని పరిశోధకులు తేల్చారు. నల్లజాతివాళ్లు, పేదలు, బీమా లేనివాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతాలకే దూరం ఎక్కువ పెరిగింది. 2022 నవంబరు 1న అట్లాంటా మెడికల్ సెంటర్ మూతపడింది. నడిపింది లాభాపేక్ష లేని సంస్థే. వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఆ నగరంలో పెద్దలకు అత్యున్నత స్థాయి (లెవెల్ వన్) ట్రామా కేంద్రం గ్రేడీ ఆస్పత్రి ఒక్కటే మిగిలింది.

లాభం కోసమే నడిపేవాళ్లు దీనికి విరుగుడంటారు కొందరు. ఫ్లోరిడాలో 2011 నుంచి హెచ్‌సీఏ అనే కార్పొరేట్ గొలుసు కొత్తగా ట్రామా కేంద్రాలు తెరిచింది. అప్పటిదాకా ఆ పని చేస్తున్న పాత ఆస్పత్రులు, మా రోగులను లాగేసుకుంటున్నారంటూ కోర్టుకెళ్లాయి. 2014లో టాంపా బే టైమ్స్ పత్రిక బిల్లులు బయటపెట్టింది. ట్రామా బృందాన్ని పిలిచినందుకే వసూలు చేసే రుసుము కొన్నిచోట్ల 30 వేల డాలర్లు దాటింది. కాచుకుని కూర్చున్న ఖర్చు ఇక్కడ ఎవరో ఒకరు చెల్లించారు. చెల్లించింది స్ట్రెచర్ మీద ఉన్న మనిషి.

మరి సర్కారు ఆస్పత్రి అయితే? శాన్‌ఫ్రాన్సిస్కో జనరల్ నగర పాలక సంస్థ సొంతం. అక్కడ హోటల్ మంచం మీద నుంచి పడిన కొరియా పర్యాటకుల పసిబిడ్డకు గాయమేమీ లేదని తేలింది. పాలు పట్టారు, కాసేపు పడుకోబెట్టారు, పంపేశారు. బిల్లు 18 వేల డాలర్లు దాటింది. అందులో ట్రామా రుసుమే 15,666 డాలర్లు. పత్రికలు దుమ్మెత్తిపోశాక 2019లో నగరం పద్ధతి మార్చుకుంది. బోర్డు మీద ‘ప్రభుత్వ’ అని ఉన్నంత మాత్రాన సిద్ధంగా ఉండే ఖర్చును ఖజానా భరిస్తోందని అర్థం కాదు. అది బడ్జెట్‌లో లేకపోతే రోగి బిల్లులోకి దిగుతుంది. మన దగ్గరైతే బిల్లులోకి దిగదు, ‘సర్జన్ లేరు’ అన్న చీటీ రూపంలో వస్తుంది.

ఇక మన దేశంలో రాజస్థాన్. 2023 మార్చిలో ఆ రాష్ట్రం ఆరోగ్య హక్కు చట్టం తెచ్చింది. ముందు డబ్బు అడగకుండా ఎమర్జెన్సీ చికిత్స చేయాలన్నది అందులో కీలకం. ప్రైవేటు డాక్టర్లు రోడ్డెక్కారు. ఎమర్జెన్సీ అంటే ఏంటి, మా డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అని అడిగారు. అడిగిన ప్రశ్నల్లో న్యాయముంది. ఏప్రిల్ 4న కుదిరిన రాజీలో ప్రభుత్వం మాత్రం ఆ ప్రశ్నలకు జవాబు చెప్పే బదులు ఆస్పత్రులనే చట్టం నుంచి తప్పించింది. 50 పడకల్లోపువాటికి మినహాయింపు. ప్రభుత్వం నుంచి రాయితీ భూమి, ఇతర సాయం తీసుకోనివాటికి మినహాయింపు. ప్రమాదం జరిగినచోట దగ్గర్లో ఉన్న ఆస్పత్రి ఏ జాతిదో అంబులెన్సులో ఉన్నవాడు కనుక్కోవాలన్నమాట!

కేంద్రం 2025 మేలో నగదు రహిత చికిత్స పథకాన్ని నోటిఫై చేసింది. సుప్రీంకోర్టు గట్టిగా మందలిస్తే గానీ అది కదల్లేదన్నది వేరే సంగతి. రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా చికిత్స. కార్డు రంగు, కులం, రాష్ట్రం చూడరు. ఇది మంచి అడుగు. కౌంటర్ దగ్గరి మొదటి ప్రశ్నను ఇది నిజంగానే తీసేయగలదు. కానీ తలకు దెబ్బ తగిలినవాడు ఎనిమిదో రోజున కూడా ఐసీయూలోనే ఉంటాడు. పైగా ఇది కూడా జరిగిన చికిత్సకు డబ్బిచ్చే పద్ధతే. న్యూరో సర్జన్ లేని జిల్లాలో లక్షన్నర పథకం ఉన్నా, దాన్ని ఖర్చుపెట్టే చోటు లేదు.

రెండు తెలుగు ప్రభుత్వాలూ చేయగలిగింది ఇక్కడే ఉంది. 108కి ఇచ్చినట్టే ట్రామాకూ సిద్ధంగా ఉన్నందుకు డబ్బివ్వాలి. హైవేల వెంట, ఘాట్ల కింద, ప్రమాదాలు ఎక్కువయ్యే ప్రతి ముక్కకూ ఒక ఆస్పత్రిని గుర్తించాలి. అది జిల్లా ఆస్పత్రి కావచ్చు, నార్కట్‌పల్లి తరహాలో హైవే మీదున్న ప్రైవేటు మెడికల్ కాలేజీ కావచ్చు, మిషన్ ఆస్పత్రి కావచ్చు. రాత్రి ఇంతమంది డాక్టర్లు, ఇన్ని యూనిట్ల రక్తం, ఇన్ని ఖాళీ పడకలు అని ఒప్పందం రాసుకుని నెలనెలా చెల్లించాలి, తనిఖీలో లేకపోతే కోత పెట్టాలి. ప్రభుత్వాసుపత్రికీ అదే ఒప్పందం, అదే కోత ఉండాలి. అక్కడ పోస్టు ఖాళీగా ఉంటే కోత పడాల్సింది ఆ పోస్టు నింపని శాఖ ఖాతాలో. దానికి బదులుగా, అమెరికా చట్టం మెడికేర్‌ను పట్టుకున్నట్టు, ఆరోగ్యశ్రీ డబ్బో రాయితీ భూమో తీసుకున్న ప్రతి ఆస్పత్రీ వచ్చినవాణ్ని నిలకడ పరిచే దాకా అడ్వాన్సు మాట ఎత్తకూడదు. ఢిల్లీలో చౌకగా భూములు పొందిన ఆస్పత్రులు పేదలకు 10 శాతం పడకలు, 25 శాతం ఓపీ ఉచితంగా ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. తీసుకున్నదానికి బదులు చెప్పమనడం కొత్త సిద్ధాంతమేమీ కాదు.

డబ్బెక్కడిదంటారా? ఆరోగ్యశ్రీ పరిమితిని ఒకరు 10 లక్షలకు, ఇంకొకరు 25 లక్షలకు పెంచినప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

చేయాల్సింది ఇంకొకటుంది, దాదాపు ఖర్చు లేనిది. దేశంలో ట్రామా ఫలితాల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో ఒకటి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతాల్లోని ప్రభుత్వ బోధనాసుపత్రుల నుంచే సుమారు 16 వేల మంది వివరాలు సేకరించింది. నెల తిరక్కుండానే ఐదుగురిలో ఒకరు చనిపోయారని తేలింది. తమ దగ్గర చనిపోయినవాళ్ల లెక్క ఆ ఆస్పత్రులు దాచుకోలేదు. కార్పొరేట్ ఎమర్జెన్సీలూ తమ లెక్క బయటపెట్టాలన్న నియమం ఉండాలి. ఎంతమంది వచ్చారు, ఎంతమందిని చేర్చుకున్నారు, ఎంతమందిని ఏ కారణం రాసి పంపేశారు, ఎంతమంది డబ్బు అయిపోయి ‘సొంత బాధ్యతపై’ సంతకం పెట్టి గాంధీకో ఉస్మానియాకో కేజీహెచ్‌కో వెళ్లిపోయారు. అలా చివరి ఘడియల్లో వచ్చిపడినవాళ్ల మరణాలన్నీ సర్కారు ఆస్పత్రి ఖాతాలోనే పడుతున్నాయి, పైగా అక్కడికి వెళ్తే చావేనన్న చెడ్డపేరు.

కుక్ కౌంటీ డాక్టర్లు ఒక్కో రోగి వివరం చేతితో రాసుకుని ఆ లెక్క తేల్చాల్సి వచ్చింది. ఇక్కడ సగం పని ఇప్పటికే అయివుంది. 108 వాహనం ఎవర్ని ఎక్కడ ఎక్కించుకుంది, ఏ గేటు దగ్గర దించింది, అక్కడ కాదంటే తర్వాత ఎటు వెళ్లింది అన్నది కాల్ సెంటర్ కంప్యూటర్లలో నిమిషాలతో సహా నమోదవుతుంది. క్యాజువాలిటీల్లో రెఫరల్ చీటీల నకళ్లుంటాయి. జిల్లాలవారీగా, ఆస్పత్రులవారీగా, ప్రభుత్వానిదో ప్రైవేటుదో రాసి, మూడు నెలలకోసారి ఆ పట్టిక బయటపెట్టమని అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో ఏ ఎమ్మెల్యే అయినా ప్రశ్నోత్తరాల్లో ఒక్క ప్రశ్న వేస్తే చాలు. హైవే పక్క నియోజకవర్గాల వాళ్లే రెండు రాష్ట్రాల అసెంబ్లీల్లోనూ డజన్లకొద్దీ ఉన్నారు.